తోక కాని తోక, కోర కాని కోర

తేలు కుట్టింది అంటాం, పాము కరిచింది అంటాం. చీమ కుడుతుంది, కుక్క కరుస్తుంది. ఈ రెండు మాటల మధ్య మనకి ఎప్పుడూ తగాదా రాలేదు. జెర్రి దగ్గరికి వచ్చేసరికే నాలుక మడతపడుతుంది. మా ఇంట్లోనే అమ్మ జెర్రి కుట్టిందనేది, నాన్న కరిచిందనేవారు. అది ఊరి యాసల తేడా అనుకుని చాలా ఏళ్లు వదిలేశాను. ఆ ప్రాణి ఒళ్లు కాస్త దగ్గరగా చూశాక అమ్మ మాటా నాన్న మాటా రెండూ సందేహంలో పడ్డాయి. కుట్టడానికి జెర్రికి కొండి లేదు. పోనీ కరుస్తుందందామా, విషం ఎక్కించేది దాని నోరు కానే కాదు.

తేలు గురించి మాత్రం మనకి బోలెడంత ధీమా. పాముకి విషం తలలో, తేలుకి తోకలో అని సుమతీ శతకం పలక పట్టిన రోజుల్లోనే చెప్పేసింది. తేలు కుట్టిన దొంగ సామెతల్లోకి ఎక్కాడు. రాశిచక్రంలో తేలుకి సొంత ఇల్లుంది. కర్నూలు జిల్లా కోడుమూరులో శ్రావణమాసంలో కొండ మీది దేవుడికి తేళ్లనే పట్టి సమర్పిస్తారు. జెర్రికి గుడీ లేదు, రాశీ లేదు. స్నానాల గది తూము దగ్గర చెప్పుదెబ్బ ఒకటే దానికి జరిగే పూజ. ఇంత పక్షపాతం మధ్య రెండింటినీ ఒకే బల్ల మీద పెట్టి చూడటం అంత తేలిక కాదని ముందే ఒప్పుకుంటున్నాను.

మా పక్క వీధిలో జువాలజీ చెప్పి రిటైరైన మాస్టారు ఒకరున్నారు. ఆయన బీరువాలో పుస్తకాల వెనక రెండు గాజు సీసాలున్నాయి. ఒకదాని మీద పెలామ్నియస్ అనీ, ఇంకోదాని మీద స్కోలోపెండ్రా అనీ చేతిరాత చీటీలు. ఇంటర్ పుస్తకంలో పక్కపక్కనే బట్టీపట్టిన పేర్లే. మొదటిది నల్లతేలు, మనం మండ్రగబ్బ అనేది. రెండోది జెర్రి. ఫార్మలిన్‌లో ఏళ్ల తరబడి నాని రెండూ ఒకే టీ రంగుకి వచ్చాయి. "మీరు పద్యాల్లో గణాలు లెక్కపెట్టినట్టే వీటినీ లెక్కపెట్టండి" అని ఒక భూతద్దం, ఒక సూది నా చేతికిచ్చారు. ఆయన వేళాకోళానికి అన్నారు గానీ నాకు దారి దొరికింది.

తేలు సీసపద్యం. సీసానికి నాలుగు పాదాలు, ప్రతి పాదం నడిమికి విరిగి రెండవుతుంది. తేలుకి నాలుగు జతల కాళ్లు. సీసం నాలుగు పాదాలతో అయిపోదు. కింద ఒక తేటగీతో ఆటవెలదో ఉండి తీరాలి. అసలు దెబ్బ చాలాసార్లు ఆ ఎత్తుగీతిలోనే ఉంటుంది. తేలు కొండీ అంతే, చివర్లో పైకి లేచి తల మీదుగా ముందుకొచ్చి పడుతుంది.

జెర్రి మాత్రం ద్విపద. ఒక్కో కణుపుకి రెండు పాదాలు, మళ్లీ కణుపు, మళ్లీ రెండు పాదాలు. ఎక్కడ ఆపాలన్న నియమం పైకి కనిపించదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణాన్ని ద్విపదలో సాగించినట్టు కొన్ని జాతుల జెర్రులు ఒంటిని సాగదీస్తూనే పోతాయి. స్కోలోపెండ్రాకి మామూలుగా ఇరవై ఒక్క జతలు. నేలలో దూరే సన్నటి జెర్రుల్లో 191 జతల దాకా లెక్క తేలింది. సీసం చదివే చెవికి ద్విపద ఒకే దరువుగా తోస్తుంది, ద్విపద రుచి మరిగినవాడికి సీసం ఆడంబరం అనిపిస్తుంది. నాకు రెండూ కావాలి.

ముందు తేలు తోక సంగతి. భూతద్దం కింద పెడితే అది తోకలా ప్రవర్తించదు. బల్లి తోకలో ఎముకా కండా ఉంటాయి గానీ పేగు ఉండదు. తేలుకి వెడల్పాటి పొట్ట మీద ఏడు కణుపులు, ఆ తర్వాత సన్నబడిన కణుపులు అయిదు, వాటి చివర కొండి. ఆ సన్నటి అయిదింటి గుండా పేగు సాగిపోతుంది. మలద్వారం అయిదో కణుపు కొసన, కొండికి ఆనుకుని ఉంటుంది. అంటే మనం తోక అంటున్నది తేలు పొట్టలో వెనక సగం. శతకకారుడు తేలుకి విషం పొట్ట చివర ఉంటుందని రాయాల్సింది, పద్యం మాత్రం పాడైపోయేది.

ఇది మాటల సవరణ మాత్రమే అయితే ఇంత చెప్పను. దక్షిణ అమెరికాలో అనాంటెరిస్ అనే చిన్న తేళ్లున్నాయి. శత్రువు వెనక భాగం పట్టుకుంటే అవి బల్లిలా దాన్ని తెంపుకుని పారిపోతాయని 2015లో ప్రచురించారు. బల్లికి తోక మళ్లీ మొలుస్తుంది, వీటికి మొలవదు. గాయం మూసుకుంటుంది, దాంతో పాటే పేగుకి దారీ మూసుకుంటుంది. తిన్నది లోపలే పేరుకుని ఒళ్లు ఉబ్బుతుంది. అలాగే మగతేలు ఎనిమిది నెలల దాకా బతికి, జత కూడా కడుతుంది. మలబద్ధకం పట్టిన ఈ తేళ్లు పరుగులో వెనకబడతాయా అని కొలిచిన ఇద్దరికి 2022లో ఇగ్‌నోబెల్ ఇచ్చారు. జనం నవ్వారు. ఎత్తుగీతి తెగ్గొట్టిన సీసం ఎన్నాళ్లు నిలుస్తుందో కొలిచారంటే మాత్రం మన ఛందస్సువాళ్లెవరూ నవ్వరు.

ఇక జెర్రి కోర. తల కింద రెండు పక్కలా వంగి, కొసన నల్లగా మొనదేలిన కొడవళ్లు రెండుంటాయి. పాము కోరలు చూసిన కన్ను వాటినీ కోరలే అనుకుంటుంది. సూదితో ఆ కొడవలిని పక్కకి లాగి మొదలు ఎక్కడుందో వెతికాను. అది నోట్లోంచి రావడం లేదు. తల అయిపోయాక వచ్చే మొదటి కణుపుకి పక్క నుంచి అతుక్కుని ఉంది. వెనక ఇరవై ఒక్క కణుపులకి కాళ్లు ఎక్కడ అతుకుతాయో సరిగ్గా అక్కడే. అంటే అదీ కాలే. నడక మానేసి, పొట్టిబడి, లావెక్కి, లోపల విషపు సంచి పెట్టుకుని, మొన దగ్గర చిన్న రంధ్రం తెరుచుకున్న కాలు. నోరు వేరే ఉంది. దవడలు ఈ కొడవళ్ల చాటున, పైన, తమ పని తాము చేసుకుంటాయి. మొదటి జత కాళ్లని ఇలా విషపు ముళ్లుగా మార్చుకోవడం జెర్రుల వంశానికే చెల్లింది. కాబట్టి అమ్మా తప్పే, నాన్నా తప్పే. జెర్రి తంతుంది.

కుట్టిన గుర్తులోనూ ఈ తేడా పడుతుంది. తేలుది ఒకటే గాటు, ఎందుకంటే కొండి ఒకటే. అయితే దాని ఉబ్బులో విషగ్రంథులు మాత్రం రెండు, మొన దగ్గర తూట్లూ రెండే. కాళ్లు జతగా ఉంటాయి గనక జెర్రిది జంట గాటు. నొప్పి సంగతికొస్తే జెర్రి ఏడిపిస్తుంది, ప్రాణం తీయడం అరుదు. తేళ్లలో మాత్రం మనవాళ్లు భయపడాల్సినదానికి భయపడరు. మండ్రగబ్బని చూసి ఊరంతా కేకలు పెడుతుంది. దాని పట్టుకొమ్ములు లావు, వెనక భాగం సన్నం. ఎరని నలిపి చంపగలిగినవాడికి విషంతో అంత అవసరం ఉండదు. పిడికెడు కూడా లేని ఎర్రతేలుకి పట్టుకొమ్ములు సన్నం, కొండి వైపు బలుపు. పిల్లల ప్రాణాలు తీసింది అదే. కొంకణ్‌లోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980ల్లో రక్తపోటుకి వాడే ప్రజోసిన్ మాత్రతో ఎర్రతేలు కాటు చావుల్ని ఎంతో తగ్గించారు. మంత్రాలకి రాలని కాయ అక్కడ ఆ చవకైన మాత్రకి రాలింది.

పైనుంచి చూసినంతసేపూ తేలే నాయకుడు. బోర్లా ఉన్నదాన్ని వెల్లకిలా తిప్పితే కథ మారుతుంది. తేలు పొట్ట కింద, ఆఖరి కాళ్ల వెనక, చిన్న దువ్వెనలు రెండుంటాయి. మన ఊళ్లలో తేలుని చంపినవాళ్లు వందలమంది ఉంటారు, ఆ దువ్వెనలు చూసినవాళ్లు పదిమంది ఉండరు. నడుస్తున్నంతసేపూ తేలు వాటితో నేలని తడుముతుంది. ఇక్కడ ఎవరు నడిచారు, ఆడదా మగదా, ఈ సమాచారమంతా ఆ పళ్ల చివర్ల నుంచే అందుతుంది. మగదానికి దువ్వెనలు పెద్దవి, పళ్లూ ఎక్కువ, వెతుక్కుంటూ వెళ్లేది అదే మరి. జెర్రి ఇదే పని తల ముందున్న మీసాలతో చేస్తుంది. తేలుకి మీసాల్లేవు. కళ్లున్నా రెండింటికీ చూపు అంతంత మాత్రమే. స్కోలోపెండ్రాకి తలకి అటు నాలుగు ఇటు నాలుగు చుక్కల్లాంటి కళ్లు, తేలుకి నడినెత్తిన రెండు, అంచుల్లో ఇంకొన్ని. ఒకటి ముఖంతో చదువుతుంది, ఇంకొకటి పొట్టతో చదువుతుంది. దువ్వెనలు కూడా పుట్టుకలో కాళ్ల జాతివేనని పిండం చూసినవాళ్లు చెబుతారు. కాలుని వేరే కొలువుకి పెట్టడం జెర్రి ఒక్కదాని విద్య కాదన్నమాట.

ఊపిరి దగ్గర కూడా అంతే, పోలికా తేడా పెనవేసుకుని ఉంటాయి. దువ్వెనల వెనక తేలు పొట్ట మీద నాలుగు జతల చీలికలు. వాటి లోపల పలుచటి రేకులు పుస్తకం పేజీల్లా ఒకదాని మీద ఒకటి. రేకుల్లో నెత్తురు, రేకుల మధ్య గాలి. వీటిని పుస్తకాకార ఊపిరితిత్తులు అని మన పాఠాల్లో రాశారు. ఎనిమిది పుస్తకాలు కడుపులో పెట్టుకు తిరిగే ప్రాణి మీద నాలాంటివాడికి కొంచెం గౌరవం కలగడం సహజం. ఆ నెత్తురులో ఇనుముకి బదులు రాగి, ప్రాణవాయువు తగిలితే నీలి ఛాయ వస్తుంది. జెర్రికి పుస్తకాల్లేవు, సన్నటి గాలిగొట్టాలు ఒళ్లంతా అల్లుకుంటాయి. వాటి నోళ్లు పక్కల మీద ఉంటాయి, అయితే ప్రతి కణుపుకీ కాదు. స్కోలోపెండ్రా ఒంటి మీద సూదిమొనతో లెక్కపెడితే మూడు, అయిదు, తర్వాత ఎనిమిది, పది, పన్నెండు అంటూ ఇరవై దాకా వచ్చాయి. అయిదుకీ ఎనిమిదికీ మధ్య ఒక తాళం తప్పినట్టు. ద్విపద ఒకే దరువు అన్న మాట నేను అక్కడ వెనక్కి తీసుకున్నాను. అన్నట్టు, గోడల మీద పొడుగాటి కాళ్లతో సర్రున పరిగెత్తే స్కూటిజెరా అనే దూరపు చుట్టం ఉంది. జెర్రుల వంశంలోదే అయినా దాని నెత్తురులో తేలుకున్న ఆ రాగి పదార్థమే దొరికింది.

మాస్టారి సొంతూరిలో పెరటి రాతిగోడ ఉంది. కిందటి వేసవిలో ఒక రాత్రి నోట్లు పరీక్షించే యూవీ టార్చి పట్టుకుని ఇద్దరం అక్కడికి వెళ్లాం. రాళ్ల సందులో తేలు ఉన్నచోటల్లా పచ్చటి నీలం వెలుగు, ఎవరో రేడియం ముద్ద అతికించినట్టు. దాని పైపెంకులో ఉండే పదార్థాల మహిమ అది. కొత్తగా కుబుసం విడిచిన తేలుకి పెంకు గట్టిపడేదాకా ఆ వెలుగు రాదట. దేనికి వెలుగుతుందో ఇప్పటికీ పండితులు ఒక మాట మీద లేరు. గోడ మొదట్లో, తొట్టి కారి తడిసినచోట, ఒక జెర్రి కనిపించింది. టార్చి వేసినా అది వెలగలేదు. ముందు ఏ చివర తలో కూడా పోల్చుకోలేకపోయాను. ఆఖరి జత కాళ్లు నడకకి వాడదు, వెనక్కి చాచి మీసాల్లాగే పెట్టుకుంటుంది. కొండితో తేలు తన కొసని చాటుకుంటుంది, జెర్రి మాత్రం ఏది మొదలో ఏది కొసో తెలియనివ్వదు. అవసరమైతే ఆ వెనక కాళ్లతో పటకారులా పట్టుకుంటుంది కూడా. పెంకు మీది మైనం పూత వల్ల తేలు ఎడారిలో కూడా కాపురం చేయగలదు. జెర్రి చర్మం నీటిని అంత గట్టిగా పట్టి ఉంచలేదు, అందుకే మన తూముల దగ్గరికి, చెప్పుదెబ్బల దగ్గరికి వస్తుంది.

తల్లితనంలో రెండూ ఒక్కటే. తేలు గుడ్లు పెట్టదు, పిల్లల్ని కని మొదటి కుబుసం దాకా వీపున మోస్తుంది. స్కోలోపెండ్రా గుడ్లు పెట్టి, వాటి చుట్టూ చుట్టుకుని, బూజు పట్టకుండా నాకుతూ పడుకుంటుంది. కాళ్లు పోగొట్టుకోవడంలో జెర్రిదే పైచేయి. జెర్రికి కాలు విరిగితే లెక్కా అన్న మాట నిజమే, కుబుసాలు మారే కొద్దీ మళ్లీ తెచ్చుకుంటుంది. పెద్దయ్యాక తేలు కుబుసం విడవదు, పోయింది పోయినట్టే.

ఇంతవరకూ తేలు ఒకటి, జెర్రి ఒకటి అన్నట్టు మాట్లాడాను. మాస్టారు సూది నా చేతిలోంచి తీసుకుని, "ఇప్పుడు ముందునుంచి ఎంచండి, రెండూ ఒకేసారి" అన్నారు. తేలు నోటి ముందు చిన్న పటకార్లు రెండుంటాయి, అవి ఒకటో జత. పెద్ద పట్టుకొమ్ములు రెండు. తర్వాత నాలుగు జతల కాళ్లు: మూడు, నాలుగు, అయిదు, ఆరు. జెర్రికి ఒకటో జత మీసాలు. రెండో కణుపు ఖాళీ, దానికి అవయవమే లేదు. మూడు దవడలు, నాలుగూ అయిదూ దవడల వెనక సహాయకులు. ఆరు, ఆ విషపు కొడవళ్లు. తేలు నడిచే ఆఖరి కాలూ, జెర్రి విషం పెట్టే కొడవలీ ఒకే వరసలో ఒకే సంఖ్య మీద పుట్టినవి.

ఈ లెక్క ఎప్పుడూ ఇలా లేదు. తేలు, సాలీడు వంశం మీసాల కణుపుని పూర్తిగా పోగొట్టుకుందని పాత పుస్తకాలు చెప్పేవి. ఏ కణుపు ఏమవ్వాలో పిండానికి చెప్పే హాక్స్ జన్యువులనేవి ఉన్నాయి. 1998లో ఒక బృందం సాలీడులో, ఇంకో బృందం నల్లి జాతి ప్రాణిలో అవి ఎక్కడెక్కడ పలుకుతాయో చూసి, కణుపేమీ పోలేదని తేల్చాయి. మీసం ఉండాల్సిన చోట నోటి పటకారు ఉంది, అంతే. ఇలా వరస కలిపాక ఇంకో ముచ్చట బయటపడుతుంది. తేలు మొదటి రెండు జతల కాళ్లకి మొదట్లో చిన్న పలకలు ముందుకి పొడుచుకొచ్చి నోటికి అడుగు కడతాయి, తిండికి అవీ చెయ్యి వేస్తాయి. జెర్రిలో ఆ సంఖ్యల మీద ఉన్నవి దవడా, దాని వెనక సహాయకుడూ. తేలు కాళ్లలో సగం నోటి పనివాళ్లే అయితే, జెర్రి నోరు మొత్తం ఒకప్పటి కాళ్లే.

జెర్రి కాళ్ల జతలు ఎప్పుడూ బేసి సంఖ్యే కావడం మీద నాకున్న చిక్కు కూడా ఈ లెక్కతోనే కొంత విడింది. పదిహేను, ఇరవై ఒకటి, ఇరవై మూడు ఇలా పోతాయి గానీ యాభై జతలు, అంటే సరిగ్గా వంద కాళ్లు, మామూలుగా ఏ శతపాదికీ ఉండవు. బ్రిటన్ తీరంలో గులకరాళ్ల కింద బతికే స్ట్రిగేమియా జెర్రి పిండంలో కణుపులు రెండేసి చొప్పున ఏర్పడతాయని 2004లో చూపించారు. రెండేసి వస్తే సరిసంఖ్య రావాలి కదా అని మాస్టారిని అడిగాను. "కొడవళ్ల కణుపుని కలపండి" అన్నారు. ఇరవై ఒకటి, ఒకటి, ఇరవై రెండు. నేను దాన్ని ద్విపద అన్నది కాళ్లు చూసి. కణుపులే జంటజంటలుగా వస్తాయని, విడిపోయిన ఆ ఒక్క పాదం మనం కోర అనుకున్నదేనని అప్పుడు తెలిసింది.

ఈ రెండింటి మధ్యకి సముద్రపు సాలీడుని కూడా పిలవాలి, ఒక్క నిమిషం. పేరు సాలీడే గానీ అది సాలీడుల కంటే పాత శాఖ. అంటార్కిటికా చల్లటి నీళ్లలో కొన్నిటి కాళ్ల చాపు 70 సెంటీమీటర్ల దాకా పోతుంది. దానికి పొట్ట లేదన్నట్టే, వెనక చిన్న బొడిపె ఉంటుంది. పేగు కాళ్లలోకి పాకింది, గుడ్లు కాళ్లలోనే తయారవుతాయి, గాలి కాళ్ల పెంకు గుండా పోతుంది. పేగు కదలికే నెత్తుర్ని తోస్తుందని 2017లో తేల్చారు. గుడ్లు మోసే బాధ్యత తండ్రిది. తేలు పేగుని తోకలాంటిదాంట్లోకి పంపితే, ఇది కాళ్లలోకి పంపింది. దీని జన్యువుల్లో పొట్టకి సంబంధించిన ఒక హాక్స్ జన్యువు కనిపించదు. తేలు, సాలీళ్ల పూర్వీకుల్లో మొత్తం జన్యురాశే రెట్టింపై, ఆ హాక్స్ వరస రెండు ప్రతులుగా నిలిచింది. పొట్టని ఏడూ అయిదుగా విడదీసి, సగాన్ని తోకగా మలుచుకోవడానికి తేలుకి ఆ రెండో ప్రతి పనికొచ్చి ఉంటుందని కొందరి ఊహ. నాకా ఊహ నచ్చింది, అయితే నచ్చడం వేరు, నిజమవడం వేరు.

సీసాలు తిరిగి బీరువాలో పెట్టేముందు మాస్టారు తేలుని దీపం వైపు తిప్పారు. ఆరో జత కాలు ఒకటి ఎప్పుడో విరిగి ఫార్మలిన్ అడుగున పడి ఉంది. జెర్రి సీసాలో ఆరో జత రెండూ భద్రంగా ఉన్నాయి, నల్లటి మొనలు ఒకదానికొకటి ఎదురుగా, ఇంకా మూసుకోకుండా.